గుంటకాడ మామకు బాకీ ఎట్టా తీర్చాలి?

మెట్ట_అబ్బాయి
సోమవారం రాత్రి 11:40

మాది ఉదయగిరి పక్క. మెట్ట. వాన పడితే పైరు, లేకపోతే వలస. సముద్రమంటే మాకు మైపాడు, అది కూడా కార్తీకంలో ఒక్కసారి. అట్టాంటోణ్ణి 2019లో డిగ్రీ చేతబట్టుకోని విడవలూరు పక్కన రొయ్యల గుంటల కాడ టెక్నీషియన్‌గా చేరా.

ఆడ అప్పటికే పదిహేనేళ్లుగా కాపలా ఉండే మనిషి ఒకాయన. పేరు రాయను, మామా అనే పిలుస్తా. మొదటిరోజు నన్ను కిందికీ పైకీ చూసి "అబ్బయ్యా, ఈతొచ్చా?" అన్నాడు. రాదన్నా. "అయితే గట్టు మధ్యలో నడువు" అన్నాడు. నాకు జరిగిన ట్రైనింగ్ అంతే.

చేరిన నెలలోనే ఒక మబ్బుపట్టిన సాయంత్రం. నీళ్లలో ఆక్సిజన్ చూసే మీటరు 5 చూపిస్తుంది. మేత మామూలుగానే చల్లమన్నా. ఆయన సరే అని తలూపి, సగం చల్లి, సగం సంచిలోనే కట్టి గుడిసెలో పెట్టాడు. నాకు చెప్పలా. తెల్లారి 4 గంటలకు భుజం తట్టి లేపి "ఇప్పుడు పెట్టు నీ మీటరు" అన్నాడు. 3.2 ఉంది. మేత మొత్తం చల్లి ఉంటే అడుగున కుళ్లి ఆ ఉన్న ఆక్సిజన్ కూడా లాగేసేది. ఎండ లేని రోజు నీళ్లలో ఉండే పచ్చ నాచు ఆక్సిజన్ సరిగా తయారుచెయ్యదు, రాత్రికి మాత్రం దాని వాటా అది పీల్చుకుంటుంది. ఇది నేను కాలేజీలో చదివా, పరీక్షలో రాశా, మార్కులు కూడా తెచ్చుకున్నా. గట్టు మీద గుర్తుకు రాలా. ఆయనకు చదువు లేదు, మబ్బు చూసి మేత కోసేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. 2020 సెప్టెంబర్, అమాస దగ్గర. అమాసకీ పున్నానికీ రొయ్య పొట్టు వదులుద్ది, అప్పుడు దానికి గాలి ఎక్కువ కావాలి. సాయంత్రం నుంచి కరెంటు లేదు, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ జనరేటర్ మీదే. డీజిల్ చూసుకునే పని నాది. చూసుకోలా. ఫోన్‌లో మాట్లాడుకుంటా పడుకున్నా. 3 గంటలకు చప్పుడు ఆగింది. గుంటకాడ పనిచేసేవాళ్లకు తెలుసు, ఏరేటర్ చప్పుడులో ఎంతైనా నిద్ర పడుద్ది, ఆగితేనే మెలకువొచ్చేది.

టార్చి వేస్తే గట్టు పొడుగూతా రొయ్య పైకొచ్చి కళ్లు మెరుస్తున్నాయి. నాకు కాళ్లు ఆడలా. మామ పక్క గుంటకు పరిగెత్తి క్యాను తెచ్చి పోశాడు. ట్యాంకు ఒట్టిపోయింది కదా, ఇంజన్‌కు ఎయిర్ పట్టింది. టార్చి పళ్లతో పట్టుకోని పైపు విప్పి ఎయిర్ తీశాడు. నేను ఆక్సిజన్ ట్యాబ్లెట్లు చల్లతా ఉన్నా. ఇంజన్ పట్టుకునేసరికి అరగంట. తెల్లారి నాలుగు బుట్టలు చచ్చినవి ఎత్తాం. మిగిలింది బతికింది.

ఓనర్ వచ్చి డీజిల్ ఎవరు చూడాల్సింది అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మామ "నేనే సార్, నిద్ర పట్టేసింది" అన్నాడు. జీతంలో రెండు వేలు కోశారు. నేను పక్కనే నిలబడి ఉండా. ఏమీ మాట్లాడలా.

తర్వాత అడిగితే "నువ్వు కొత్తోడివి, పంపించేస్తాడు. నన్ను పంపించడు, నాకు తెలిసింది ఇంకెవుడికీ తెలవదు" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలా. అన్నం కూడా ఒక్క గిన్నెలోనే తిన్నాం ఇన్నాళ్లూ. నేను ఇప్పుడు నాలుగు సైట్లు చూసుకుంటుండా. ఆ రోజు ఉద్యోగం పోయుంటే బెంగళూరులో ఏ అపార్ట్‌మెంటు గేటు కాడో ఉండేవాణ్ణి.

మామ ఈ నెలాఖరుకు మానేసి సింగరాయకొండలో కూతురి దగ్గరికి పోతుండాడు. ఉప్పునీళ్లలో నిలబడి నిలబడి మోకాళ్లు పోయినాయి. థాంక్స్ అంటే నవ్వుతాడు. రెండు వేలు ఇస్తే మొహాన కొడతాడు. మీరైతే ఏం చేస్తారు?


కారందోశ
సోమవారం రాత్రి 11:58

పంచె, కండువా, మలై కాజా ఒక కేజీ. అయిపోయింది. దానికి ఇంత రాశావేంది బ్బా.


మూలాపేట_అక్క
మంగళవారం ఉదయం 6:15

పొద్దున్నే చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను తమ్ముడూ.

మనలో మనం థాంక్స్ చెప్పుకోలేం. ఒకసారి మా అమ్మకు ఫోన్‌లో థాంక్స్ అమ్మా అంటే "ఏంది, నేనేమన్నా పక్కింటిదాన్నా" అని నొచ్చుకుంది. కృతజ్ఞతలు అన్నామా, మైకు ముందు నిలబడినట్టు ఉంటుంది.

నేను ట్రంకురోడ్డులో బట్టల షాపులో చీరల కౌంటర్‌లో చేసేదాన్ని. నాతోపాటు చేసే ఒక అక్క ముస్లిం. మా ఆయనకు పని పోయి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. నేను షాపులో నవ్వుతూ చీరలు పరిచి, బాత్‌రూంలో ఏడ్చేదాన్ని. ఆ అక్కకు ఒక్కదానికే తెలుసు. మొహర్రం నెలలో రొట్టెల పండుగకి నన్ను బారాషహీద్ దర్గా దగ్గరికి తీసుకుపోయింది. స్వర్ణాల చెరువులో దిగి "ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుంది" అని నా తరఫున ఆమే అరిచింది. నాకు సిగ్గు, నోరు రాలేదు. తెలియనివాళ్లకు తెలుసులే, అక్కడ కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరాక మళ్లీ ఏడాది వాళ్లు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగానికొకటి, పెళ్లికొకటి, ఇంటికొకటి, పిల్లలకొకటి. 2015లో రాష్ట్ర పండుగ చేసినప్పటి నుంచి కాలు పెట్టను సందు లేదు గానీ, ఆ చెరువులో నిలబడి అడుక్కోవడంలో ఒక ధైర్యం ఉంది.

మా ఆయనకు పని దొరికింది. రొట్టె వల్లనా, ఆయన తిరగబట్టా అని నన్ను అడగొద్దు. మరుసటి ఏడు నేను రొట్టెలు చేసుకుని పోయి ముందు ఆ అక్కకే ఇవ్వబోయాను. "నాకెందుకే, నా దగ్గర తీసుకున్నావా? అడిగేవాళ్లకి ఇయ్యి" అంది. గూడూరు నుంచి వచ్చిన ఒక పిల్లకి ఇచ్చాను.

నువ్వు కూడా మీ మామకే ఇవ్వాలని పట్టుబట్టకు. ఇప్పుడు నీ కింద కొత్తగా చేరిన పిల్లోడు ఎవరో ఉంటాడు కదా.


చీమకుర్తి_దుమ్ము
మంగళవారం ఉదయం 9:02

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను ఇంకో మాట చెప్తా. కోపం తెచ్చుకోవద్దు.

తమ్ముడూ, నీది కృతజ్ఞత కాదు. తప్పు చేసి నోరు మూసుకున్న బాధ. ఆ రెంటినీ కలిపి పంచె కండువాలో చుట్టి ఇద్దామని చూస్తున్నావు. మీ మామ చేసింది ఒక నిమిషం పని. నువ్వు మాట్లాడకుండా ఉన్నది ఇన్నేళ్లు. అక్కా, నీ రొట్టె బాగానే ఉంది, కానీ ఎవరికో ఇచ్చేస్తే ఈయన జీతంలో కోసింది తిరిగొస్తుందా?

పనికాడ స్నేహాల మీద నాకు నమ్మకం పోయింది. నేను గ్రానైట్ పాలిషింగ్‌లో చేస్తా. గెలాక్సీ రాయి, నల్లగా ఉండి మధ్యలో బంగారం చుక్కలు మెరుస్తాయే, అది. నాతో ఒకే మిషను మీద తొమ్మిదేళ్లు చేసినోడు చీటీ పాడుకుంటూ ష్యూరిటీ సంతకం పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని పెట్టా. రెండు వాయిదాలు కట్టి రాత్రికి రాత్రే సర్దుకుపోయాడు. పద్దెనిమిది నెలలు నేను కట్టా. మా ఇంట్లో ఇప్పటికీ పప్పులో ఉప్పు ఎక్కువైనా ఆ సంతకం ఎత్తుతారు.


కారందోశ
మంగళవారం ఉదయం 9:10

దుమ్ము అన్నా, ఉప్పుకీ సంతకానికీ ఏం సంబంధం 😂


చీమకుర్తి_దుమ్ము
మంగళవారం ఉదయం 9:13

పెళ్లి చేసుకో, తెలుస్తది.


బోరునీళ్లు
మంగళవారం మధ్యాహ్నం 1:25

లంచ్ బెల్ కొట్టారు, త్వరగా రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

నాకు టీచరుగా మొదటి పోస్టింగ్ కనిగిరి వైపు వచ్చింది. మాది ఒంగోలు టౌను. ఫ్లోరైడ్ అని పేపర్లో చదవడమే తప్ప చూడలేదు. ఊళ్లోకి దిగాక, గార పట్టిన పళ్లు, వంగిన నడుములు. బోరునీళ్లు తాగొద్దని అందరూ చెప్పారు, మరి ఏం తాగాలో ఎవరూ చెప్పలేదు. అప్పట్లో ఆ ఊరికి క్యాన్లు తెచ్చే ఆటో వారానికి రెండుసార్లు, అదీ వస్తే వచ్చినట్టు.

అదే బళ్లో వంట చేసే ఆమె రెండో రోజే నా సీసా చూసి ఏమీ అనలేదు. మూడో రోజు నుంచి నా టేబుల్ మీద ఒక స్టీలు క్యారేజీ నిండా నీళ్లు. వాళ్లన్న ట్యాంకరు తోలతాడట, సాగర్ నీళ్లు. తన ఇంటికి తెచ్చుకున్నదాంట్లోంచి నాకు పోసేది. నాలుగేళ్లు, సెలవులు పోను ప్రతి రోజూ. ఆమె పిల్లలు ఇద్దరూ అదే బోరునీళ్లు తాగుతున్నారని నాకు రెండో ఏడాది గానీ తెలియలేదు. అడిగితే, "వాళ్లకి అలవాటే మేడం, మీరు కొత్త" అంది.

ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి ఆటో వచ్చినప్పుడల్లా నేను రెండు క్యాన్లు తీసుకుని ఒకటి వాళ్లింట్లో దింపించేదాన్ని. నాకు ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఆమె క్యారేజీ మానలేదు, నేను క్యాను మానలేదు. పిచ్చి లెక్కే. ఇద్దరం ఎవరి నీళ్లు వాళ్లే తాగొచ్చు కదా అంటే సమాధానం లేదు.

ఇప్పుడు ఆమె పెద్ద పాప మా ఇంట్లో ఉండి ఒంగోల్లో డిగ్రీ చదువుతోంది. బెల్ కొట్టారు. వెళ్తున్నా.


జనరేటర్_రెడ్డి
మంగళవారం సాయంత్రం 4:47

స్టోరీ బాగుంది బ్రదర్ కానీ ఒక సలహా. డీజిల్ ట్యాంకుకి లో లెవెల్ అలారం పెట్టించుకో. ఖర్చు పెద్దగా కాదు. కరెంటు పోతే ఫోన్‌కి కాల్ వచ్చే పరికరాలు కూడా ఉన్నాయి. నేను పెట్టించా. ఇంకొకటి, జనరేటర్ ఒక్కటే ఉంటే...


కారందోశ
మంగళవారం సాయంత్రం 4:50

అన్నా ఈడ మనుషులు ఏడుస్తుంటే నువ్వు అలారం అమ్ముకుంటుండావు.


జనరేటర్_రెడ్డి
మంగళవారం సాయంత్రం 4:52

అలారం ఉంటే ఏడుపే లేదు కదా.


కోవూరు_వంతెన
మంగళవారం రాత్రి 8:30

నాది చిన్నదే. 2021 నవంబర్ వరదలప్పుడు నేను నెల్లూరులో ఆఫీసులో ఉన్నా, ఇల్లు కోవూరులో. మధ్యలో పెన్న. సోమశిల నుంచి నీళ్లు వదిలారు, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నాలుగు కిలోమీటర్ల దూరంలో నా ఇల్లు, పోవడానికి దారి లేదు.

మా సెక్షన్‌లో ఒకామె ఉంది. అంతకుముందు ఆరునెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు, ఫ్యాను గురించి గొడవపడి. నాకు గాలి కావాలి, ఆమెకు సైనస్. ఆ సాయంత్రం ఆమే వచ్చి నా బ్యాగు తీసుకుని "పదండి" అంది. మూడు రోజులు వాళ్లింట్లో ఉన్నా. నా కోసం ఫ్యాను పెట్టి తను మంకీ క్యాపు పెట్టుకుని పడుకుంది. ఇప్పుడు నా కూతురికి ఆమె పిన్ని.

ఆఫీసులో ఫ్యాను గొడవ మాత్రం ఇంకా నడుస్తానే ఉంది.


మెట్ట_అబ్బాయి
మంగళవారం రాత్రి 11:15

అందరికీ... ఏమనాలో తెలవడం లేదు, అక్క చెప్పినట్టు థాంక్స్ అంటే నొచ్చుకుంటారేమో.

దుమ్ము అన్నా, మధ్యాహ్నం నుంచి నీ మాటే తిరుగుతుంది. కోపమొచ్చింది, అబద్ధం చెప్పను. భోజనం కాడ మామ "ఏంది అబ్బయ్యా, పులుసు బాగలేదా" అన్నాడు. బొమ్మిడాయిల పులుసు, నిన్న రాత్రి పెట్టి ఈ రోజు తింటుండాం, బాగలేకపోవడమా. ఆయన మొహం చూడలేకపోయినా.

నువ్వన్నది సగం నిజం. ఆ రాత్రి లేకపోయినా ఆయన మీద నాకు ఇంతే ఉండేది. మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తి వేళ్ల మధ్య రొయ్యను పట్టుకోని పేగు చూడటం ఆయనే నేర్పించాడు. మా నాయన పోయినప్పుడు నాతో బస్సెక్కి ఉదయగిరి దాకా వచ్చి, పదకొండు రోజులూ మా ఇంటి అరుగు మీద పడుకున్నాడు. ఇది నిన్న రాయలా, ఎందుకంటే రాస్తే ఆపలేను.

మిగతా సగం మాత్రం బాధే. ఓనర్‌కు చెప్పాలా వద్దా?


టిమ్ము_తాత
బుధవారం ఉదయం 5:40

నాయనా, నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కందుకూరు మాది. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా నేను ప్రకాశం మనిషినే.

చెప్పు. కానీ ఎట్టా చెప్తావో చూసుకో. నా సంగతి విను. మిషన్లు రాకముందు ట్రే టికెట్ల కాలం. ఒకసారి సంతరోజు బస్సులో క్యాష్ బ్యాగు పోయింది. కట్టకపోతే సస్పెండే. నాతో డ్యూటీ చేసే డ్రైవరు ఆ నెల తన జీతంలోంచి తీసి నాకు ఇచ్చాడు. వాయిదాల్లో తీర్చేశాలే. కానీ ఆ సాయం ఎవరికీ చెప్పలేదు.

పద్నాలుగేళ్ల తర్వాత ఆయన రిటైర్మెంటు ఫంక్షన్‌లో నాకు మైకు ఇచ్చారు. నేను ఆవేశం కొద్దీ అంతా చెప్పేశా. కళ్లనీళ్లు పెట్టుకున్నా, జనమంతా చప్పట్లు. ఆయన మాత్రం నేలకేసి చూస్తున్నాడు. సంగతేమంటే ఆయన భార్య ముందు వరసలో కూర్చోనుంది. ఆ నెల జీతం ఎందుకు తక్కువొచ్చిందో ఆమెకు ఆ రోజే తెలిసింది! పేకాటలో పోయిందని చెప్పాడంట అప్పట్లో. పేకాటకైతే తిట్టి ఊరుకుందంట. ఇంకొకడికి ఇచ్చాడంటే, "నా కమ్మలు కుదువలో ఉన్నప్పుడా" అని ఇంటికెళ్లాక దండలతో ఉన్న మనిషిని నిలబెట్టి కడిగేసిందంట.

అందుకని మైకులో చెప్పొద్దు. నలుగురిలో వద్దు. ముగ్గురుంటే చాలు, నువ్వూ, మీ ఓనరూ, మీ మామ.


చీమకుర్తి_దుమ్ము
బుధవారం ఉదయం 8:55

తాతా, ఈ రోజుకిది చాలు నాకు, మిషను మీద నవ్వుకుంటూ ఉంటా.

తమ్ముడూ, తాత చెప్పింది రైటు. ముందు నోరు విప్పు. రెండు వేలు కూడా జేబులో పెట్టుకుని పో. తీసుకోడు అని నువ్వే అనుకుంటున్నావు, ఆయన్ని అడిగావా?

నిన్న గట్టిగా అన్నా. పదకొండు రోజులు అరుగు మీద పడుకున్నాడన్న మాట నిన్నే రాసుంటే అనేవాణ్ణి కాదు.


మూలాపేట_అక్క
బుధవారం ఉదయం 9:20

తీసుకోడులే. అలాంటివాళ్లు తీసుకోరు. చూడండి కావాలంటే.


కారందోశ
తర్వాత శుక్రవారం రాత్రి 10:05

నెలాఖరు అయిపోయింది. మెట్ట అబ్బాయి అడ్రస్ లేడు. ఏమైంది బ్బా?


మెట్ట_అబ్బాయి
శనివారం రాత్రి 12:30

రొయ్యల పట్టుబడి ఉండింది, అందుకే రాలా. మూడు రోజులు నిద్ర లేదు. కౌంట్ 40 వచ్చింది, అంటే కేజీకి నలభై రొయ్యలు. మామ చేతి మీద ఆఖరు పట్టుబడి.

చెప్పినా. లారీలు పోయాక గుడిసె ముందు ఓనరు, మామ, నేను. కాళ్లు వణుకుతుంటే గబగబా చెప్పేశా. ఆ రోజు డీజిల్ చూడాల్సింది నేను సార్, మామ కాదు అని.

ఓనరు కాసేపు చూసి "డీజిల్ నీ డ్యూటీ అని నాకు తెలియదా? వాడు నాదంటే వాడిది కోశా. ఎవడో ఒకడు నాది అన్నాడు కదా, అంతే చాలనుకున్నా" అన్నాడు. కారెక్కి పోయాడు. ఆయన్ని తిట్టుకోవాలో మొక్కాలో తెలవలా.

మామకు మాత్రం కోపమొచ్చింది. నేను ఎప్పుడూ చూడలా ఆయన కోపం. "ఎవురడిగారురా నిన్ను? ఇన్నేళ్లు దాచిపెట్టుకున్నా, పోయేరోజు పగలగొట్టావు" అని గట్టెక్కి అట్నే పోయాడు. మొదటి గుంట నుంచి ఆఖరు గుంట దాకా నడిచి, మళ్లీ వచ్చాడు. మోకాళ్ల నొప్పి కదా, అరగంట పట్టింది. నేను ఆడనే కూచోని ఉండా.

వచ్చి చెయ్యి చాపాడు.

"తే."

ఏంది మామా అన్నా.

"రెండు వేలు. జేబులో పెట్టుకోని తిరగతన్నావుగా పొద్దున్నుంచి."

ఇచ్చా. అక్కా, తీసుకున్నాడు! ఏరేటర్ స్తంభం లైటు కింద లెక్కపెట్టుకున్నాడు కూడా. లెక్కపెట్టి, మడిచి బనీను జేబులో పెట్టి, "ఇంకా మూడొందలు" అన్నాడు.

మూడొందలేంది?

"ఆ రాత్రి పక్క గుంటోడి క్యాను. ఒట్టిగా ఇస్తాడా వాడు. నేనే కట్టినా."

నా దగ్గర చిల్లర లేదు, అయిదొందల నోటు తీశా. వద్దన్నాడు, మూడొందలే కావాలన్నాడు. తెల్లారి ఆటోలో సామాను ఎక్కించి కావలి బస్టాండు దాకా దింపొచ్చినా. ఆడ బంకులో చిల్లర మార్చుకోవచ్చు. మార్చలా.


మూలాపేట_అక్క
శనివారం ఉదయం 6:40

తీసుకున్నాడా! సరే, ఓడిపోయాను.


చీమకుర్తి_దుమ్ము
శనివారం ఉదయం 9:00

మరి ఆ మూడొందలు ఫోన్‌లో కొట్టెయ్. కూతురి నంబరుకి పంపితే అయిపోద్దిగా.


మెట్ట_అబ్బాయి
శనివారం ఉదయం 9:04

ఎందుకన్నా పంపేది. సింగరాయకొండ ఎంత దూరమని. వచ్చే అమాస దాటాక పోయి ఇస్తా.


టిమ్ము_తాత
శనివారం ఉదయం 9:30

మూడొందలూ ఒకేసారి ఇవ్వమాక నాయనా.